అనంతపురంలోనే ఉండి సొంత గేమ్ స్టూడియో పెట్టి, ఆట చేసి, మనమే అమ్ముకోవడం ఎట్ల

"అన్నా, గేమ్స్ చేయాలంటే బెంగళూరు పోవాల్నా, హైదరాబాద్ పోవాల్నా" అని నన్ను అడిగే పిల్లోళ్లు శానా మంది, జేఎన్‌టీయూ హాస్టల్ నుంచి కొందరు, కడప నుంచి కొందరు, మొన్న ఆదోని నుంచి ఒకడు. అందరికీ విడివిడిగా చెప్పేదానికంటే ఒక్కచోట రాసిపెడదాం అని ఇది రాస్తున్నా. యాడికీ పోవాల్సిన పని లేదు. మేం ముగ్గురం అనంతపురంలో ఒక ఇంటి మిద్దె మీద గదిలో కూర్చొని ఒక ఆట చేసి స్టీమ్‌లో, అంటే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడిలో, పెట్టినాం, ఆ దారిలో ఏది ముందు చేసుంటే బాగుండేదో అదే ఇక్కడ చెప్తా.

మొదట ఒక మాట మనసులో పెట్టుకోండి. ఆట చేయడం సగం పని, అమ్మడం ఇంకో సగం, ఆ రెండో సగం ఆట అయిపోయినాక మొదలయ్యేది కాదు, మొదటి రోజే మొదలవుతుంది. మాకు ఇది ఏడాది తర్వాత గాని అర్థం కాలేదు.

ఆట ఎంత పెద్దగా ఉండాల అనేదాంతో మొదలుపెడదాం. మా ఆటలో నువ్వు నీరుగంటివి, అంటే ఊరి చెరువు నీళ్లు ఎవరి మడికి ఎంతసేపు అని పంచే మనిషివి. తూము ఎత్తాల, కాలువ తిప్పాల, చెరువు ఎండిపోకుండా చివరి మడి దాకా నీళ్లు పోవాల, అంతే ఆట. కానీ మొదట మేం అనుకున్నది ఇది కాదు, ఊరు మొత్తం, నలభై మంది మనుషులు, పెళ్లిళ్లు, జాతర, పంట అమ్మకం, కరువు, వలస అన్నీ పెట్టాలనుకున్నాం, ఎనిమిది నెలలు దాని మీద కూర్చున్నాక చూస్తే నడిచే మనుషులు ఉండారు గాని ఆడేదానికి ఏమీ లేదు. అన్నీ తీసేసి చెరువు, తూము, కాలువ, పన్నెండు మడులు మాత్రం ఉంచినాక అది ఆట అయింది. కాబట్టి మీ ఆటని ఎవరికైనా ఒక్క వాక్యంలో చెప్పి చూడండి, ఆ వాక్యంలో "ఇంకా" అనే మాట రెండుసార్లు వస్తే సగం కోసేయండి.

స్టార్‌డ్యూ వ్యాలీ అనే సేద్యం ఆట ఒక్కడే చేసినాడు కదన్నా అంటారు. ఎరిక్ బరోన్ ఒక్కడే చేసినాడు నిజమే, నాలుగేళ్లకి పైనే పట్టింది, 2016లో వచ్చింది. అన్నేళ్లు జీతం లేకుండా ఇంట్లో కూర్చోగలమా అనేది ముందు లెక్కేసుకోండి. మన దగ్గరోళ్లని చూడాలంటే హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర అనే ఆట తెచ్చింది, పూణేలో నాడింగ్ హెడ్స్ వాళ్లు రాజీ అనే ఆటకి 2017లో కిక్‌స్టార్టర్ అనే సైట్‌లో జనాన్ని చందా అడిగితే టార్గెట్ రాలేదు, అయినా వదలకుండా 2020లో రిలీజ్ చేసినారు. ఈ రెండూ చిన్న టీమ్‌ల పనే, ఒకసారి ఆడి చూడండి, ఎన్ని చోట్ల పని తగ్గించుకున్నారో ఆడితే కనపడుతుంది.

ఉద్యోగం ఉంటే వెంటనే మానేయొద్దు. మాలో ఒకరు ఇప్పటికీ పొద్దున పూట వేరే కంపెనీకి ఇంటి నుంచే వర్క్ చేస్తారు, ఆ జీతంతోనే గది అద్దె, కరెంటు బిల్లు గడుస్తాయి. ఉద్యోగం చేస్తూ చేసేవాళ్లు మీ ఆఫర్ లెటర్ ఒకసారి తీసి చదవండి, ఖాళీ టైంలో చేసినది కూడా కంపెనీదే అని కొన్ని చోట్ల రాసుంటారు.

ఇంక ఫ్రెండ్స్‌తో కలిసి చేస్తుంటే కాగితం రాసుకోవాల. మనూర్లలో "మనం మనం రాసుకునేది ఏందిలేప్పా" అంటారు, ఆ మొహమాటమే తర్వాత కొంపలు ముంచుతుంది. ఎవరి వాటా ఎంత, మధ్యలో ఎవరైనా వెళ్లిపోతే వాళ్ల వాటా ఏమవుతుంది, కోడ్, బొమ్మలు, పాటలు ఎవరివి, ఈ మూడూ రాసి సంతకాలు పెట్టండి. మేం రాసుకున్నది ఏమంటే, వాటా ఒక్కసారిగా రాదు, పని చేసిన ప్రతి నెలకి కొంచెం కొంచెంగా కూడుతుంది, మధ్యలో పోయినోళ్లకి అప్పటిదాకా కూడినది ఉంటుంది. మొదటి ఆటకి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అక్కరలేదు అనేది నా అభిప్రాయం, అమ్మినా అమ్మకపోయినా ఏటా ఆడిట్, ఫైలింగ్ ఖర్చు తప్పదు. ఒక్కరే అయితే సొంత పేరు మీద, ముగ్గురుంటే పార్ట్‌నర్‌షిప్ గాని ఎల్‌ఎల్‌పీ (అప్పుల బాధ్యత పెట్టుబడి మేరకే ఉండే పార్ట్‌నర్‌షిప్) గాని చాలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా సర్కారు దగ్గర నమోదు, ఆన్‌లైన్‌లో ఫ్రీ, దానికి డబ్బులు అడిగే సైట్లు శానా ఉండాయి, వాటిలోకి పోవద్దు. స్టూడియో పేరు ట్రేడ్‌మార్క్ చేయించుకోవాలంటే సొంత మనిషికి, చిన్న సంస్థకి ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాస్‌కి, అంటే ఒక్కో రకం సరుకుకి, 4,500 రూపాయలు ఫీజు. దానికంటే ముందు ఆ పేరు స్టీమ్‌లో, ప్లే స్టోర్‌లో ఇంకెవరైనా వాడుతున్నారా అని వెతకండి.

గది అద్దెకి తీసుకునేటప్పుడు ఒక సంగతి. గేమింగ్ కంపెనీ అంటే మా ఇంటి ఓనరు రమ్మీ అనుకున్నాడు, ఇస్తాను అన్నవాడు వెనక్కి పోయినాడు. ఆయన తప్పు కాదు, ఆంధ్రలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ బ్యాన్ చేసినారు, 2025 ఆగస్టులో కేంద్రం దేశం మొత్తానికి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని ఆపేస్తూ చట్టం చేసింది. మనం చేసేది అది కాదు, ఆట ఒకసారి కొనుక్కొని ఆడుకునేది. ఓనరుకి, బ్యాంకు వాళ్లకి, ఇంట్లో వాళ్లకి కూడా ఆటని ల్యాప్‌టాప్‌లో చూపించి చెప్పండి, నోటితో ఎంత చెప్పినా ఎక్కదు.

ఇంజిన్, అంటే ఆటని కట్టే సాఫ్ట్‌వేర్, దాని సంగతికి వస్తే నేను గోడో వాడమంటా, మనోళ్లు గోడాట్ అని కూడా అంటారు. ఫ్రీ, ఎంఐటీ లైసెన్స్, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, ఎంత అమ్మినా వాటా ఇవ్వాల్సింది లేదు, 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో 2డీ ఆటలు బాగానే నడుస్తాయి. అన్‌రియల్ అయితే ఒక ఆట 10 లక్షల డాలర్లు దాటినాక 5 శాతం రాయల్టీ, మనకి ఆ భయం ఇప్పుడే అక్కరలేదు గాని దానికి కావాల్సిన సిస్టమ్ ఖర్చే ఎక్కువ. యూనిటీ 2023 సెప్టెంబర్‌లో ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఫీజు పెడతాం అన్నారు, గోల అయినాక ఏడాదికి రద్దు చేసినారు, ఉద్యోగాలకి మాత్రం యూనిటీ వచ్చినోళ్లనే ఎక్కువ అడుగుతారు, కాబట్టి మీకు ముందే వచ్చుంటే దాంట్లోనే చేయండి, ఇంజిన్ మార్చుకుంటూ కూర్చుంటే ఆట అవ్వదు.

కానీ ఆటలో తెలుగు అక్షరాలు కనపడాలంటే ఇక్కడ జాగ్రత్తగా చదవండి, దీని మీద మాకు మూడు వారాలు పోయినాయి. తెలుగులో వత్తులు, గుణింతాలు ఒకదానితో ఒకటి కలవాల, ఆ కలిపే పని ఫాంట్ ఒక్కటే చేయలేదు, ఇంజిన్ కూడా చేయాల. యూనిటీలో మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో తెలుగు పెడితే వత్తులు పక్కకి పడిపోతాయి. గోడో 3లో కూడా అంతే. 2023 మార్చిలో వచ్చిన గోడో 4 నుంచి ఇది సరిగా వస్తుంది, మేం 3 నుంచి 4కి మారింది ఒక్క దీని కోసమే. ఫాంట్ పెట్టినాక "స్త్రీ", "రాష్ట్రం", "క్ష్మ", "జ్ఞానం" ఈ నాలుగు మాటలు టైప్ చేసి చూడండి, ఇవి సరిగా వస్తే మిగతావి వస్తాయి. ఫాంట్‌లు నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఓపెన్ లైసెన్స్‌వి ఉండాయి, అమ్మే ఆటలో కూడా వాడుకోవచ్చు, లైసెన్స్ ఫైల్ మాత్రం ఆటతో పాటు పెట్టండి. సినిమా పోస్టర్‌లో చూసిన ఫాంట్ యాడో దొరికింది కదా అని పెట్టొద్దు. ఇంకోటి, ఇంగ్లీషులో "ఓపెన్" అని చిన్న బటన్‌లో పట్టే మాట తెలుగులో "తెరవండి" అని పొడుగవుతుంది, బటన్లు మొదటి నుంచే వెడల్పుగా గీసుకోండి.

బొమ్మలకి క్రిటా, 3డీకి బ్లెండర్, సౌండ్‌కి ఆడాసిటీ, అన్నీ ఫ్రీ. సౌండ్లు మాత్రం ఇంటర్నెట్‌లో వెతకొద్దు, బయటికి పోయి రికార్డ్ చేయండి. మా ఆటలో తూము తెరిచినప్పుడు వచ్చే చప్పుడు బుక్కరాయసముద్రం చెరువు కింద కాలువ గట్టున ఫోన్‌తో రికార్డ్ చేసింది, గాలి చప్పుడు పడకుండా ఫోన్‌కి కర్చీఫ్ చుట్టి పెట్టినాం.

మన సీమ బొమ్మలు వాడాలనుకునేవాళ్లకి ఒక విన్నపం. తోలుబొమ్మల లాంటి ఆట చేస్తాం అన్నా అని ఇద్దరు ముగ్గురు చెప్పినారు, మంచి ఆలోచన. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ కళ చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉండాయి, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఫోటోలు తీసుకొని ఇంటికొచ్చి కాపీ కొట్టొద్దు. ఊరికి పోండి, వాళ్లతోనే గీయించుకోండి, డబ్బులు ఎంత, ఆ బొమ్మలు ఈ ఒక్క ఆటకేనా ఇంకోదానికి కూడానా అని కాగితం మీద రాసివ్వండి, ఆటలో వాళ్ల పేర్లు వేయండి. చర్మం మీద దీపం వెలుగు పడితే రంగు ఎట్ల మారుతుందో పక్కన కూర్చొని చూస్తే తప్ప స్క్రీన్ మీద రాదు, ఆట బాగుండాలన్నా పోవాల్సిందే.

ప్రతి రోజూ సాయంత్రం లేచే ముందు గిట్‌లో పుష్ చేయాల, అంటే ఆ రోజు పని కాపీని ఆన్‌లైన్‌లోకి ఎక్కించాల, ఇది అలవాటు చేసుకోండి. ఎండాకాలం కరెంటు పోయి వచ్చే దెబ్బకి మా ఒక హార్డ్ డిస్క్ పోయింది, ఆ రోజు పుష్ చేయని మ్యాప్‌లు మల్లా గీసినాం, నాలుగు రోజుల పని. బొమ్మల ఫైళ్లు పెద్దవి కాబట్టి మొదటి రోజే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ పెట్టుకోండి, ఇన్వర్టర్ కొనేదానికి డబ్బు లేకపోతే కనీసం డెస్క్‌టాప్‌కి ఒక యూపీఎస్ అన్నా కొనండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, ఆటని బయటోళ్లతో ఆడించడం. ఎట్ల చేయాలంటే, ఆట వాళ్ల చేతికి ఇచ్చి నోరు మూసుకొని కూర్చోవాల. మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి, ఆదివారం వచ్చినప్పుడు వాడికి ల్యాప్‌టాప్ ఇచ్చినా. మొదటి లెవెల్‌లో తూము దగ్గర చక్రం ఉంటుంది, దాన్ని మౌస్‌తో పట్టుకొని తిప్పాల. వాడు దాని మీద క్లిక్ చేసినాడు, ఏం కాలేదు, మల్లా క్లిక్ చేసినాడు, రెండుసార్లు టకటకా కొట్టినాడు, తర్వాత ఆటలో మనిషిని నీళ్లలోకి నడిపించేదానికి చూసినాడు. "మామా, ఈ తూము చెడిపోయిందా?" అన్నాడు. చెప్పేద్దాం అని నాలుక దాకా వచ్చింది, ఆపుకున్నా. ఫోన్‌లో టైం చూస్తే ఆరు నిమిషాలు, అంతసేపు వాడు ఆ ఒక్క చక్రం దగ్గరే ఉండాడు, ఆరో నిమిషంలో ల్యాప్‌టాప్ పక్కకి జరిపి "ఉగ్గాని ఉందా అవ్వా" అని వంటింట్లోకి పోయినాడు. మాకు ఆ చక్రం తిప్పేది అని ఎంత బాగా తెలుసంటే, వేరేవాళ్లకి తెలియదు అనే ఆలోచనే ఎప్పుడూ రాలేదు. ఆ రాత్రే మార్చినాం, మౌస్ దగ్గరికి పోతే చక్రం కొంచెం కదులుతుంది, కిర్రుమని చప్పుడు వస్తుంది, అంతే, ఒక్క అక్షరం రాయలేదు. తర్వాతి వారం వేరే పిల్లోడికి ఇస్తే చూసిన వెంటనే పట్టుకొని తిప్పినాడు.

ఒకసారి ఆడినవాడు రెండోసారి పనికిరాడు, వాడికి తెలిసిపోయి ఉంటుంది. అందుకే ప్రతి మార్పుకీ కొత్త మనిషి కావాల. హాస్టల్ పిల్లోళ్లు, టీ అంగడి దగ్గర పరిచయం అయినోళ్లు, మీ మరదలు, ఎవరైనా సరే. దూరంగా ఉన్నోళ్ల కోసం ఇచ్.ఐఓ అనే ఆటల సైట్‌లో ఫ్రీగా పెట్టి లింక్ పంపొచ్చు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. "బాగుందా" అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు, యాడ ఆగినారు, ఎప్పుడు ఫోన్ తీసి చూసుకున్నారు అని మీరే గమనించి రాసుకోండి.

ఫోన్‌లో పెట్టాల్నా, కంప్యూటర్‌కి చేయాల్నా అంటే, డబ్బు ఇచ్చి కొనే చిన్న ఆటకి స్టీమే మేలు అని మేం చూసింది. ప్లే స్టోర్ అకౌంట్‌కి 25 డాలర్లు ఒకేసారి కడితే చాలు గాని, కొత్త పర్సనల్ అకౌంట్ అయితే కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు ఉండాల, అప్పుడే అందరికీ రిలీజ్ చేయనిస్తారు. అదీగాక అక్కడ జనం ఫ్రీ ఆటలకే అలవాటు పడినారు, యాడ్స్ మీద బతకాలంటే లక్షల్లో డౌన్‌లోడ్లు కావాల.

స్టీమ్‌లో ఒక్కో ఆటకి 100 డాలర్లు కట్టాల, కార్డ్‌లో ఇంటర్నేషనల్ పేమెంట్ ఆన్ చేసి ఉండాల. ఆట 1,000 డాలర్ల అమ్మకం చేస్తే ఆ వంద తిరిగి ఇస్తారు. అమ్మినదాంట్లో 30 శాతం వాళ్లు తీసుకుంటారు. ఫీజు కట్టినాక 30 రోజుల దాకా రిలీజ్ చేయనీరు, "త్వరలో" అని పేజీ కనీసం రెండు వారాలు బయట ఉండాల, కానీ రెండు వారాలు చాలదు, ఆరు నెలలైనా ఉండాల అంటా నేను. ఎందుకంటే ఆ పేజీలో జనం విష్‌లిస్ట్ చేసుకుంటారు, అంటే తర్వాత కొనాలని గుర్తు పెట్టుకుంటారు, రిలీజ్ రోజు వాళ్లందరికీ స్టీమే మెయిల్ పంపుతుంది, మీ దగ్గర ఆరోజు ఉండే బలం అదొక్కటే. మేం పేజీ నెలన్నర ముందు పెట్టినాం, అది మేం చేసిన పెద్ద పొరపాటు. ఆడేదానికి వచ్చి, కంటికి నచ్చే ఒక లెవెల్ తయారైతే చాలు, పేజీ పెట్టేయండి, మిగతా పని జరుగుతూనే ఉంటుంది.

పేజీలో ఫోటోలు కనీసం ఐదు, ట్రైలర్‌లో మొదట మీ స్టూడియో లోగో తిప్పొద్దు, మొదటి సెకను నుంచే తూము తెరుచుకొని నీళ్లు పారాల. పైన కనపడే చిన్న బొమ్మకి మాత్రం డబ్బు పెట్టండి, స్టోర్‌లో జనం చూసేది ఆ అగ్గిపెట్టంత బొమ్మనే, దాన్ని ఫోన్‌లో చేయి చాపి దూరంగా పట్టుకొని చూసినా ఇది ఏ ఆటో తెలియాల. బొమ్మలకి ఏఐ వాడుంటే 2024 నుంచి ఆ సంగతి స్టీమ్‌కి చెప్పాల, పేజీలో కనపడుతుంది. నెక్స్ట్ ఫెస్ట్ అని ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబర్‌లలో డెమోల పండగ జరుగుతుంది, ఒక ఆటకి ఒక్కసారే చాన్స్, కాబట్టి డెమో బాగా తయారైనాక, రిలీజ్‌కి దగ్గర్లో ఉండేదానికి పోండి.

పేరు గురించి చెప్పాల, మన తెలుగోళ్లకే వచ్చే తిప్పలు ఇవి. నా పాన్ కార్డ్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. స్టీమ్‌లో పాన్ ప్రకారం పేరు ఇచ్చినా, డబ్బులు వచ్చేటప్పటికి బ్యాంకులో పేరు కలవలేదని ఆగిపోయినాయి. బ్రాంచ్‌లో ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి తిప్పినారు, రెండు నెలలు పట్టింది. మీరు మాత్రం స్టీమ్ అకౌంట్ తెరవకముందే పాన్, ఆధార్, పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూసుకోండి, తేడా ఉంటే ముందు బ్యాంకులో సరిచేయించుకోండి. మీ బ్రాంచ్‌కి విదేశీ డబ్బు వచ్చేదానికి కావాల్సిన స్విఫ్ట్ కోడ్ ఉందా, లేకపోతే ఏ బ్రాంచ్‌ది వాడాలో కూడా అప్పుడే అడగండి. డబ్బు వచ్చినాక అది దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతారు, ఏది రాయాలో సీఏని అడిగి, డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం దాచిపెట్టుకోండి. డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా ట్యాక్స్ ఫామ్ నింపేటప్పుడు పాన్ నంబర్ ఇచ్చి ఇండియా-అమెరికా పన్ను ఒప్పందం కింద అడిగితే అమెరికాలో అమ్మినదాని మీద రాయల్టీకి 15 శాతం పట్టుకుంటారు, ఖాళీగా వదిలేస్తే 30.

పబ్లిషర్, అంటే వాటా తీసుకొని మన ఆటని ప్రచారం చేసి అమ్మిపెట్టే కంపెనీ, కావాల్నా? కొందరికి కావాల. మాకు ఒక కంపెనీ మెయిల్ పెట్టింది, కాంట్రాక్ట్ పంపినారు, సంతోషంతో సంతకం పెట్టేవాళ్లమే, తెలిసిన లాయర్‌కి చూపిస్తే వాళ్లు పెట్టే ప్రచారం ఖర్చంతా ముందు వాళ్లు తీసుకున్నాకే మాకు వాటా మొదలవుతుంది, ఆ ఖర్చు ఎంత దాటకూడదో యాడా రాయలేదు, రెండో ఆట హక్కు కూడా వాళ్లదే అని ఉంది. వద్దన్నాం. ఖర్చుకి ఒక హద్దు, ఎన్నేళ్లు, మాట తప్పితే ఆట మనకి తిరిగొస్తుందా, ఈ మూడూ చూడకుండా ఎవరి కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

రిలీజ్ బటన్ నొక్కేది మనకి రాత్రి అవుతుంది, స్టీమ్ రోజు మారేది అమెరికా పడమటి తీరంలో పొద్దున పది గంటలకి, అంటే మన టైం ఎండాకాలం రాత్రి పదిన్నర, చలికాలం పదకొండున్నర. ఆ రాత్రి ముగ్గురూ మేలుకొని ఉండండి, ఫోన్‌లో హాట్‌స్పాట్‌కి డేటా వేయించుకోండి. మొదటి రెండు గంటల్లోనే ఎవరికో ఒకరికి ఆట ఆగిపోతుంది, మాకైతే పాత గ్రాఫిక్స్ కార్డ్‌లలో నీళ్లు నల్లగా కనపడినాయి, తెల్లారి నాలుగుకి ప్యాచ్ పెట్టినాం. కోపంగా రాసినోళ్లకి కూడా "సరిచేస్తున్నాం, ఇంత టైం పడుతుంది" అని మర్యాదగా జవాబు ఇవ్వండి, వాళ్లలో కొందరు రివ్యూ మార్చినారు.

రివ్యూలు పది వచ్చేదాకా స్టీమ్ స్కోర్ చూపించదు. చుట్టాలకి కీలు, అంటే ఆట ఫ్రీగా తెరుచుకునే కోడ్‌లు, ఇచ్చి రాయించుకుందాం అనే ఆలోచన వద్దు, ఫ్రీ కీతో ఆడినోళ్ల రివ్యూ ఆ స్కోర్‌లో కలవదు, అదీగాక తెలిసినోళ్లతో రాయించడం రూల్స్‌కి విరుద్ధం. కొన్నవాళ్లు 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడుంటే డబ్బు వెనక్కి అడగొచ్చు, మీ ఆట మొత్తం గంటన్నరలో అయిపోయేదైతే ధర ఆ లెక్కన పెట్టుకోండి. రిలీజ్ అయిన 30 రోజుల దాకా కొత్త డిస్కౌంట్ పెట్టనీరు, ఆ తర్వాత పెట్టేటప్పుడు 20 శాతం గాని పైన గాని పెట్టండి, విష్‌లిస్ట్‌లో ఉన్నోళ్లకి మెయిల్ పోయేది అప్పుడే. మా ఆట ఆ మొదటి డిస్కౌంట్ వారంలో అమ్ముడుపోయినంత రిలీజ్ వారంలో కూడా అమ్ముడుపోలేదు, కాబట్టి మొదటి వారం అంకెలు చూసి గది ఖాళీ చేయొద్దు.